ఏడో కుండీ దొంగ

ఆ లోహాల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను గేటమ్మ అనేవారు. పని ముగించుకుని బయటికి వెళ్ళే ఆడవాళ్ళ జేబులు, సంచులు, బూట్లు తడిమి చూడటం ఆమె ఉద్యోగం. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. ఆ చేతులకు కళ్ళున్నాయని పనివాళ్ళు నవ్వుకునేవారు. "గేటమ్మ ముందు నిలబడితే పొద్దున మనమేం తిన్నామో కూడా చెప్పేస్తుంది" అనేవారు. ఆమె మాత్రం నవ్వేది కాదు. నవ్వించి చూపు మళ్ళించేవాళ్ళ దగ్గరే ఏదో ఒకటి ఉంటుందని ఆమె నమ్మకం.

అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. పెళ్ళైన కొత్తలో ఆమె ఎవరు ఏం చెప్పినా నమ్మేది. భర్త లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. సరుకు ఆలస్యమైందంటే నమ్మింది. ఇంజను మొరాయించిందంటే నమ్మింది. ఒకరోజు లారీ కడుగుతుంటే సీటు సందులో చిన్న మేజోడు ఒకటి దొరికింది. నీలం రంగుది. వాళ్ళకున్న ఒక్కగానొక్క కూతురు అప్పటికే బడికి వెళుతోంది. ఆ మేజోడు దాని బొటనవేలికి కూడా పట్టదు. తీగ లాగితే డొంకంతా కదిలింది. వేరే ఊళ్ళో ఇంకో ఇల్లు, ఇంకో భార్య, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న కొడుకు.

ఆమె పోట్లాడలేదు. అతని బట్టలు మూటగట్టి లారీలో పెట్టేసింది. "నాకు కోపం మీ నాన్న మీద కాదే, నా కళ్ళ మీద" అని చాలా ఏళ్ళ తర్వాత కూతురితో అంది. అప్పటినుంచి ఏ మాట విన్నా దాని వెనక్కి వెళ్ళి చూడటం అలవాటైపోయింది. పాలవాడు చెయ్యెత్తి పోస్తే నురుగు ఎందుకు ఎక్కువైందని చూసేది. పక్కింటావిడ కుశలం అడిగితే ఏం కావాలో అని ఎదురు చూసేది. కూతురు ఒకసారి విసిగిపోయి, "నీకు ఈ గేటు ఉద్యోగం ఇచ్చినవాడెవడో గాని, మనిషిని చూసి ఇచ్చాడమ్మా" అంది.

కూతురు పెళ్ళి కూడా ఆ ఫ్యాక్టరీ మనిషితోనే అయింది. అల్లుడు కుండీల అడుగున పేరుకున్న మడ్డిని పొడవాటి ఇనుప తెడ్డుతో తోడిపోసే పనివాడు. నెమ్మదైనవాడు, మాట తక్కువ. మాట తక్కువైనవాళ్ళంటే గేటమ్మకు మరీ అనుమానం. అయినా కూతురికి నచ్చాడు, ముగ్గురూ ఒకే ఇంట్లో సర్దుకున్నారు. వంటిల్లు, దాని పక్కన ఒక గది, వెనక బట్టలారేసుకునే చిన్న జాగా. గోడకవతల దగ్గినా ఇవతల వినిపించే ఇల్లు.

ఫ్యాక్టరీలో తయారయ్యేది మెగ్నీషియం, వెండిలా మెరిసే తేలికపాటి లోహం. దాన్ని ఉప్పులోంచి తీస్తారు. వంటింటి ఉప్పు కాదు, దానికి వేలువిడిచిన చుట్టం లాంటి మరో తెల్ల ఉప్పు. పెద్ద పెద్ద ఇటుక కుండీల్లో దాన్ని ఎర్రగా కాగేదాకా కరిగించి అందులోకి కరెంటు పంపిస్తారు. గడ్డగా ఉన్నంతసేపు ఉప్పు కరెంటును దగ్గరికి రానివ్వదు. కరిగిందంటే చాలు, అందులోని రెండు భాగాలూ ఒకదాని చెయ్యి ఒకటి వదిలేసి విడివిడిగా తిరగడం మొదలుపెడతాయి. లోహపు భాగం ఉక్కు పలక వైపు నడుస్తుంది. అక్కడ కరెంటు నుంచి తనకు తక్కువైనది అందుకుని అసలు లోహంగా మారుతుంది. రెండో భాగం గ్రాఫైట్ దిమ్మ వైపు వెళ్ళి, తన దగ్గర ఎక్కువున్నది అక్కడ వదిలేసి, క్లోరిన్ వాయువై బుడగలుగా పైకి లేస్తుంది. లోహం ఆ ద్రవం కంటే తేలిక కాబట్టి పైన తేలుతుంది, దాన్ని గరిటెలతో తోడి అచ్చుల్లో పోస్తారు. క్లోరిన్‌ని గొట్టాలతో లాగేస్తారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా మధ్యలో పై నుంచి ద్రవంలోకి దిగిన ఇటుక గోడ ఒకటి ఉంటుంది.

గేటమ్మకు ఇదేమీ తెలియదు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్కసారి కూడా కుండీల షెడ్డులోకి అడుగుపెట్టలేదు. లోపల ఏదో కాగుతుంది, అందులోంచి ఎవరూ ఏదీ బయటికి తేకూడదు. ఆమెకు కావలసింది అంతవరకే.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకు ఏడో కుండీలో లోహం తగ్గడం మొదలైంది. కరెంటు ఎప్పటిలాగే పోతోంది, మనుషులూ వాళ్ళే. పక్కనున్న ఆరో కుండీ, ఎనిమిదో కుండీ బాగానే ఇస్తున్నాయి. ఏడోది మాత్రం ఎండిపోతున్న ఆవులా వారం వారం తగ్గిపోతోంది. సరిగ్గా అప్పుడే బజారులో పాత సామాన్ల కొట్టువాడు ఎక్కడినుంచో మెగ్నీషియం ముక్కలు కొన్నాడని ఒక పుకారు పుట్టింది. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. కానీ మేనేజరు గేటు కాపలావాళ్ళందర్నీ పిలిపించాడు.

"లోహానికి రెక్కలు రాలేదు. ఎవడో మోసుకుపోతున్నాడు. మీ గేట్లలోంచే పోతున్నాడు" అన్నాడు.

ఆ మాట గేటమ్మకు చెంపదెబ్బలా తగిలింది. తన చేతుల కిందినుంచి దొంగసొత్తు జారిపోయిందా? ఆ రోజునుంచి ఆమె ముందు వరస రెట్టింపు పొడవైంది. తలగుడ్డలు విప్పించింది. భోజనం క్యారేజీల మూతలు తీయించి, గిన్నెల అడుగులు తట్టి చూసింది. బాలింత ఒకామెను కూడా వదల్లేదు. వెనకనుంచి ఎవరో "కంచే చేను మేస్తోందేమో, ముందు ఈవిడ జేబులు చూడండి" అన్నారు. మాట ఎవరిదో తేలలేదు గాని, ఆ చుట్టుపక్కల నిలబడ్డ మనుషుల మొహాలు ఆమె మనసులో రాసిపెట్టుకుంది.

కుండీల షెడ్డు ఊడ్చే ఆవిడను దుమ్మక్క అనేవారు. ఆ పేరు తనకు తానే పెట్టుకుంది. "నా ఒంటి మీద దుమ్ము తూచి జీతమిస్తే ఈపాటికి మేడ కట్టేదాన్ని" అనేది. గేటు దగ్గర గేటమ్మతో ఒక నిమిషం నిలబడి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఒకరినొకరు వదినా అంటే వదినా అనుకునేవారు. వరస కలిపిన చుట్టరికమే తప్ప రక్తసంబంధం లేదు.

ఒక సాయంత్రం దుమ్మక్క బూటు విప్పించి దులిపితే సిమెంటు నేల మీద చిన్న చిన్న పూసలు రాలాయి. మెరుస్తున్నాయి. ఆవగింజలంతవి కొన్ని, ఒకటి మాత్రం కందిగింజంత.

"ఊడ్చేటప్పుడు పడుంటాయి వదినా. అక్కడ నేలంతా అవే కదా" అంది దుమ్మక్క.

ఇంతకుముందు కూడా అలా రాలిన రోజులున్నాయి. అప్పుడు గేటమ్మ వాటిని కాలితో పక్కకు నెట్టి "పద, పద" అనేది. ఈసారి వంగి ఒక్కొక్కటీ ఏరింది. దుమ్మక్క మొహంలో నవ్వు నెమ్మదిగా చెదిరిపోయింది.

"ఏంటి వదినా, నన్నా?"

"ఎవరినని కాదు. దొరికింది చెప్పడం నా పని."

మర్నాడు మేనేజరు గదిలో గేటమ్మ తాను చూసింది చూసినట్టు చెప్పింది. "కావాలనే పెట్టుకుందంటావా?" అని మేనేజరు అడిగాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, "బూటులో దొరికాయి. అంతవరకే నాకు తెలుసు. కానీ మొహం మాడ్చుకుంది" అంది. ఆ చివరి మాట చాలింది. విచారణ ముగిసేదాకా పనిలోకి రావొద్దని దుమ్మక్కను పంపించేశారు. ఆ విచారణ ఎవరు చేస్తారో, ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేదు.

అయినా ఏడో కుండీలో లోహం తగ్గుతూనే ఉంది.

అంటే దొంగ ఇంకా లోపలే ఉన్నాడు. గేటమ్మ కళ్ళు ఇప్పుడు అందరి మీదా తిరిగాయి. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కెమిస్టు అమ్మాయి ఒకతె ఉంది. కళ్ళజోడు, తెల్లకోటు. భోజనాల వేళ షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు గాజు బుడ్లు పట్టుకుని ఏడో కుండీ దగ్గరికి ఒక్కతే వెళుతుందని తెలిసింది. అందరూ తినే వేళ ఈమెకు అక్కడేం పని? చదువుకున్నవాళ్ళ కోటు జేబులు ఎవరూ తడమరు. గేటమ్మ ఒకరోజు ఆ జేబులూ తడిమింది. ఒక థర్మామీటరు, సగం కొరికిన బిస్కట్టు దొరికాయి. "బిస్కట్టు కావాలంటే తీసుకోండి" అంది కెమిస్టు అమ్మాయి. ఈ పిల్ల మరీ తెలివైనదని గేటమ్మ అనుకుంది.

ఇక్కడొక చిక్కుంది. మగవాళ్ళ గేటు దగ్గర కాపలా మీసాలాయనది. గేటమ్మ అంటే అతనికి గౌరవం, కొంచెం భయం కూడా. అందుకని ఆమె అల్లుడు వస్తే మాత్రం తడమడు. "వెళ్ళు బాబూ" అని భుజం తట్టి పంపిస్తాడు. మొత్తం ఫ్యాక్టరీలో ఒంటిమీద చెయ్యి పడకుండా బయటికి వచ్చే పనివాడు అతనొక్కడే. ఈ సంగతి ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. ఇదివరకు అది మర్యాదలా ఉండేది. ఇప్పుడు పంటి కింద రాయిలా తగులుతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇల్లు తనదే అయితే?

ఆ తర్వాత అల్లుడిలో అన్నీ కనిపించసాగాయి. అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోతున్నాడు. "ఏడో కుండీ" అన్న మాట వినబడితే మంచినీళ్ళ కోసం లేస్తున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కదా అనుకుంది. అన్నిటికంటే ముఖ్యంగా, క్యారేజీ తానే కడుక్కుంటున్నాడు.

"మీ ఆయన తన గిన్నెలు తనే ఎందుకు తోముకుంటున్నాడే?" అని కూతుర్ని అడిగింది.

కూతురు పగలబడి నవ్వింది. "లోకంలో అత్తగార్లు అల్లుడు గిన్నె తోమట్లేదని ఏడుస్తారు. నువ్వు తోముతున్నాడని ఏడుస్తున్నావా అమ్మా?"

"ఇన్నాళ్ళు తోమాడా?"

"లేదు."

"మరి? అందుకే అడుగుతున్నా."

కూతురు నవ్వు ఆపింది. తల్లి చూపు ఎటు పోతోందో అప్పుడు అర్థమైంది. "నాన్న చేసిందానికి నా మొగుణ్ణి తడమకమ్మా" అంది.

సెలవురోజు మధ్యాహ్నం అల్లుడు స్నానానికి వెళ్ళాడు. కూతురు వెనక జాగాలో బట్టలు ఆరేస్తోంది. క్యారేజీ అటక మీద, పాత దుప్పటి వెనక ఉంది. వంటింట్లో ఉండాల్సింది అటకెక్కిందంటేనే ఏదో ఉంది. గేటమ్మ స్టూలెక్కి దించింది. బరువుగా ఉంది. మూత తీస్తే కింది గిన్నెలో గుడ్డ చుట్టిన ముద్ద. అరచేతిలో సరిగ్గా ఇమిడేంత.

దొరికిందన్న సంతోషమా, దొరికిందే అన్న భయమా ఆమెకే తెలియలేదు. గుడ్డ విప్పింది. పైన తెల్లగా ఉప్పు పేరుకున్న గడ్డ. చాకుతో గీకింది. మెరుపు లేదు. ఇంకా గట్టిగా గీకింది. పసుపు కలిసిన బూడిదరంగు పొడి రాలింది.

ఇటుక.

ఇటుకముక్కను ఎవడు దొంగిలిస్తాడు? దొంగిలించినా అటక మీద ఎందుకు దాస్తాడు? లోహం దొరికి ఉంటే ఆమెకు ఏం చెయ్యాలో తెలిసేది. ఇది అంతుపట్టలేదు. అంతుపట్టనిది లోహం కంటే ఎక్కువ భయపెట్టింది.

తల తుడుచుకుంటూ అల్లుడు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

"ఏంటిది బాబూ?"

అతను అటక వైపు చూశాడు.

"నేను గేటు దగ్గర అడగట్లేదు. ఇంట్లో అడుగుతున్నా. ఏంటిది?"

"గోడ ముక్క అత్తయ్యా." అతను నేల మీద కూలబడ్డాడు. "ఏడో కుండీ మధ్యగోడది. మడ్డి తోడుతుంటే తెడ్డులోకి వచ్చింది. అంతకుముందు ఒకసారి నా తెడ్డు ఆ గోడకు తగిలింది. గట్టిగానే తగిలింది. అప్పుడు ఏం కాలేదనుకున్నా. ఈ ముక్క వచ్చాక... నేనే పగలగొట్టానేమో అని."

"మరి మేస్త్రీకి చెప్పలేదా?"

"ఎలా చెప్పను? ఒక కుండీ ఆపాలంటే ఎంత రభస! మడ్డికుప్పలో పడేద్దామంటే దొంగ లోహం దాచారేమో అని ఇప్పుడు కుప్పంతా జల్లిస్తున్నారు. దొరికితే ఎవరి వంతులో వచ్చిందని అడుగుతారు. అందుకని క్యారేజీలో పెట్టుకొచ్చేశా. బయట ఎక్కడైనా పారేద్దామనుకున్నా. ఎవరో చూస్తున్నట్టే అనిపించి పారెయ్యలేకపోయా."

కూతురు తడిబట్ట చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి అంతా వింది. "ఇటుకే కదా అమ్మా. ఇప్పుడే తీసుకెళ్ళి కాలవలో పడేస్తా. ఎవరికీ తెలియదు" అంది.

"నాకు తెలిసింది కదా" అంది గేటమ్మ.

"దుమ్మక్క బూటులో గింజలు పడ్డాయని పంపించేశారు" అన్నాడు అల్లుడు తలెత్తకుండా. "నా చేతిలో కుండీ పగిలిందంటే వదులుతారా? ఆవిణ్ణి పట్టించింది మీరే. నన్నూ పట్టిస్తారా?"

గేటమ్మ ముక్కను మళ్ళీ గుడ్డలో చుట్టి తన మంచం కింద పెట్టుకుంది. కూతురు అన్నం పెట్టి పిలవకుండా వెళ్ళిపోయింది.

ఆమె మనసు అల్లుడి మీద కరిగిందనుకుంటే పొరపాటే. ఇటుక నిజమే. భయమూ నిజమే కావచ్చు. కానీ లోహం మాత్రం పోతూనే ఉంది కదా? ఇటుక కథ చెప్పి ఇంకేదో కప్పేస్తున్నాడేమో. కన్నీళ్ళతో అబద్ధం చెప్పే మగవాడిని ఆమె ఇంతకుముందు చూడకపోలేదు. గోడ ముక్కకూ లోహం పోవడానికీ సంబంధం ఉందో లేదో చెప్పగలిగిన మనిషి ఫ్యాక్టరీలో ఒకే ఒక్కతె. ఆ మనిషి మీద కూడా ఆమెకు అనుమానమే. అయినా మర్నాడు పొద్దున ఇటుకను కోటు జేబులో వేసుకుని బయలుదేరింది. తన గేటులోంచే లోపలికి నడిచింది. ఆ గేటులో లోపలికి వెళ్ళేవాళ్ళను ఎవరూ తడమరు.

కెమిస్టు అమ్మాయి గదిలో సీసాలు, గాజుగొట్టాలు, కిటికీలో ఎండిపోయిన ఒక మొక్క. గేటమ్మ ఇటుకను బల్లమీద పెట్టి, "ఇదేంటో చెప్పగలవా?" అంది.

అమ్మాయి దాన్ని తిప్పి చూసింది. కళ్ళజోడు పైకి జరిపి ఇంకోసారి చూసింది. మొహం మారిపోయింది.

"ఇది మీకెక్కడిది?"

"దొరికింది."

"మీరు గేటు దగ్గర కదా ఉండేది. ఏడో కుండీ గోడ గేటు దగ్గర ఎలా దొరుకుతుంది?"

ఏడోదని నేను చెప్పలేదే అనుకుంది గేటమ్మ. అమ్మాయి ఆమెను అనుమానంగా చూస్తోంది. ఆమె అమ్మాయిని అనుమానంగా చూస్తోంది. చివరికి పెద్దావిడే దిగివచ్చింది. "మా అల్లుడికి మడ్డిలో వచ్చింది. ఏడోదని నీకెలా తెలుసు?"

"ఏడోది కాకపోతే ఇంకేది అవుతుంది? నేను చాలా రోజులుగా దాని చుట్టూనే తిరుగుతున్నా. కూర్చోండమ్మా." అమ్మాయి కుర్చీ మీది కాగితాలు తీసి పక్కన పడేసింది. "అందరూ లోహం పోతోందంటున్నారు. క్లోరిన్ సంగతి ఎవరూ అడగట్లేదు. ఏడో కుండీ నుంచి వచ్చే క్లోరిన్ కూడా తగ్గింది. లోహం ఎంత పాలు తగ్గిందో అదీ అంతే పాలు తగ్గింది. మేనేజరు గారికి చెబితే మీటరు చెడిపోయిందన్నారు. అందుకే గాజు బుడ్లతో నేనే పట్టి కొలుస్తున్నా."

"తగ్గితే?"

"దొంగ లోహాన్ని క్యారేజీలో పెట్టుకుని పోయాడనుకుందాం. క్లోరిన్‌ని దేంట్లో పెట్టుకుపోయాడు? అది పీలిస్తేనే ఊపిరి ఆగిపోతుంది."

గేటమ్మ ఇన్నేళ్ళలో ఎన్నో జేబులు తడిమింది గాని ఇలాంటి ప్రశ్న ఆమెకెప్పుడూ తట్టలేదు.

"మరి రెండూ ఎటు పోయాయి?"

"ఎటూ పోలేదు. కుండీలోనే ఉన్నాయి. కరెంటు పెట్టి ఇద్దర్నీ విడదీస్తున్నాం కదా, లోహాన్ని అటు, క్లోరిన్‌ని ఇటు. మధ్యలో గోడకు కంత పడింది. క్లోరిన్ బుడగలు ఆ కంతలోంచి దూరి పైన తేలుతున్న లోహం దగ్గరికి వెళుతున్నాయి. కలిశాయంటే మళ్ళీ ఉప్పే. విడదీసినంత సేపు పట్టదు కలవడానికి. కలిసేటప్పుడు వేడి కూడా పుడుతుంది. ఏడోది మిగతావాటికంటే ఎక్కువగా కాగుతోంది, అందులోకి ఉప్పూ తక్కువ పడుతోంది. అందుకే నాకు ఇన్నాళ్ళు గోడ మీదే అనుమానం. కుండీ ఆపి చూడనివ్వమంటే ఒప్పుకోలేదు. ఇదిగో, ఇప్పుడు సాక్ష్యం దొరికింది."

"అంటే దొంగ లేడా?"

"లేడమ్మా."

గేటమ్మ కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "మరి దుమ్మక్క బూటులో పూసలు?"

"కుండీల దగ్గర ఊడ్చేవాళ్ళ బూటులో పూసలు లేకపోతే అప్పుడు అనుమానించాలి" అంది అమ్మాయి. ఆవిణ్ణి ఎవరు పట్టించారో ఆ పిల్లకు తెలియదు. తెలియకుండా అన్న మాట కాబట్టి మరింత లోతుగా దిగింది.

ఏడో కుండీకి కరెంటు ఆపి, ద్రవం తోడేసి, మూత ఎత్తి చూశారు. మధ్యగోడ కింది భాగంలో తల పట్టేంత కంత ఉంది. దాని చుట్టూ ఇటుక నమిలేసినట్టు పలచబడిపోయింది. కాగిన ఉప్పు ఏళ్ళ తరబడి తినేసిందనీ, తెడ్డు దెబ్బ తగలకపోయినా ఎప్పుడో ఒకప్పుడు పడేదేననీ కెమిస్టు అమ్మాయి చెప్పింది. తగలకపోతే పడేదే కాదని మేస్త్రీ అన్నాడు. ఎవరిది నిజమో ఆ గోడకే తెలియాలి. ముక్కను దాచినందుకు అల్లుడికి హెచ్చరిక ఇచ్చి వదిలేశారు. గోడ మళ్ళీ కట్టారు. ఏడో కుండీ మిగతావాటితో సమానంగా లోహం ఇవ్వసాగింది. పాత సామాన్ల కొట్టువాడి పుకారు ఎవరు పుట్టించారో మాత్రం ఎప్పటికీ తేలలేదు. మేనేజరు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. దుమ్మక్కను తిరిగి పనిలోకి రమ్మని కబురు పంపమన్నాడు.

కబురు తానే తీసుకెళతానంది గేటమ్మ.

దుమ్మక్క అప్పటికి ఒక లాండ్రీలో బట్టలు ఉతుకుతోంది. ఆవిరి నిండిన గది, తడి నేల. చేతులు మోచేతుల దాకా తెల్లగా నాని ఉన్నాయి. గేటమ్మను చూసి పని ఆపలేదు.

"వదినా, లోహం ఎవరూ తియ్యలేదంట. కుండీలోనే మళ్ళీ ఉప్పైపోయిందంట. నిన్ను రమ్మన్నారు."

"ఉప్పైపోయిందా?" దుమ్మక్క ఒక దుప్పటి పిండి తొట్టిలో వేసింది. "మంచిదే. కుండీ చెప్పింది కాబట్టి నమ్మారు. నేనూ అదే చెప్పాగా, దొంగతనం చెయ్యలేదని."

"తప్పైపోయింది."

"నీ పని నువ్వు చేశావు. బూటు చూశావు, పూసలు చూశావు, చెప్పావు. అందులో తప్పేముంది? కానీ 'మొహం మాడ్చుకుంది' అని చెప్పావంటగా. నేను మొహం మాడ్చుకుంది దొరికిపోయానని కాదు వదినా. నువ్వు వంగి ఏరుతున్నావని."

గేటమ్మ ఏదో చెప్పబోయింది. పక్కన మిషను తిరగడం మొదలై ఆ మాట వినబడలేదు. మళ్ళీ చెప్పే ధైర్యం చాల్లేదు.

దుమ్మక్క పనిలోకి తిరిగి వచ్చింది. ఆడవాళ్ళ గేటులోంచి కాదు. లారీలు వెళ్ళే వెనక గేటు దగ్గర తనను తడిమేందుకు వేరే మనిషిని పెట్టమని అడిగి ఒప్పించుకుంది. సాయంత్రాలు తన గేటు దగ్గర నిలబడి, దూరంగా ఆ చీపురు భుజాన పెట్టుకుని వెళ్ళే మనిషిని గేటమ్మ చూస్తూ ఉండేది. పిలిచేది కాదు.

ఇంట్లో కూడా అలాంటిదే. అల్లుడు ఇప్పుడు పని నుంచి రాగానే క్యారేజీ మూతలన్నీ తీసి, గిన్నెలు వరసగా ఆమె ముందు పెట్టి, ఒక్క మాట లేకుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేవాడు. మొదట్లో ఆమెకు అది వేళాకోళంలా అనిపించింది. తర్వాత శిక్షలా అనిపించింది. చివరికి ఒకరోజు "అవి నా ముందు పెట్టకు బాబూ" అంది. "చూడాలనిపిస్తుందేమోనని అత్తయ్యా" అన్నాడు. నిజానికి ఆమెకు ఇంకా చూడాలనే ఉండేది. కానీ ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. కూతురు కొన్నాళ్ళకు క్యారేజీ తానే తోమడం మొదలుపెట్టింది, ఆ గిన్నెల గొడవ అంతటితో ఆగింది.

గేటు ఉద్యోగం ఆమె మానలేదు. తడమడమూ తగ్గించలేదు. తేడా వచ్చిందల్లా ఆఫీసులో చెప్పే మాటలోనే. దొరికింది చెప్పేది. మనిషి మొహం ఎలా ఉందని అడిగితే "మొహాలు నాకు చదవడం రాదండి" అనేది. కొన్నేళ్ళకు వచ్చిన కొత్త మేనేజరుకు ఆ జవాబు నచ్చలేదు. ఈవిడ ఏదో దాస్తోందని అతను అనుమానించేవాడు.

పదవీ విరమణ దగ్గరపడ్డ రోజుల్లో, ఒక సాయంత్రం ఫ్యాక్టరీ ముందు బస్సు కోసం ఆమె ఒక్కతే నిలబడి ఉంది. వాన పడేలా ఉంది. వెనకనుంచి ఎవరో వచ్చి పక్కన ఆగారు. దుమ్మక్క. జుట్టు సగం నెరిసింది.

"బస్సు వెళ్ళిపోయిందా?" అని అడిగింది.

"లేదు, ఇంకా రాలేదు" అంది గేటమ్మ.

ఇద్దరూ నిలబడ్డారు. బస్సు ఆలస్యంగా వచ్చింది, కిక్కిరిసి ఉంది. దుమ్మక్క ముందు తలుపులోంచి ఎక్కింది, గేటమ్మ వెనక తలుపులోంచి. ఆ ఒక్క మాట క్షమించినందుకు అడిగిందా, లేక ఊరికే బస్సు కోసం అడిగిందా అని గేటమ్మ ఆ రాత్రి చాలాసేపు ఆలోచించింది. వదినా అనలేదు. కానీ అడగాలంటే పక్కనున్న కిళ్ళీ కొట్టువాణ్ణి కూడా అడగొచ్చు కదా? ఎటూ తేల్చుకోలేక కూతుర్ని అడిగింది.

"బస్సు కోసమేనమ్మా. పడుకో" అంది కూతురు.

ఆమె మాత్రం నమ్మలేదు.